మా చేలో దిగిన మీ విమానం: కౌలు రైతుకి అందని పంట నష్టపరిహారంపై ఫిర్యాదు

విమాన శిక్షణ సంస్థ మేనేజరు గారికి,

అయ్యా,

నేను కోనసీమలో, అమలాపురం దగ్గరి పల్లెలో మూడెకరాలు కౌలుకి చేస్తున్నాను. మార్చి మొదటి వారంలో మీ శిక్షణ విమానం ఇంజన్ ఆగిపోయి దిగింది నా చేలోనే. నష్టపరిహారం ఇచ్చేశామని మీ ఆఫీసులో చెబుతున్నారు. నాకు ఒక్క రూపాయి కూడా అందలేదు.

విమానం నడిపిన అబ్బాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పొద్దున నేను చేలోకి నీళ్లొచ్చే బోదె (చిన్న కాలువ) దగ్గర నీళ్లు కడుతున్నాను. మీ విమానాలు రోజూ మా నెత్తి మీద తిరిగేవే కాబట్టి తలెత్తి చూడలేదు. మోత రెండుసార్లు తెగి, మళ్లీ అందుకుని, ఉన్నట్టుండి ఆగిపోయింది. చూస్తే ముందున్న ఫ్యాను కదలడం లేదు. ఒక పక్క కొబ్బరిచెట్లు, ఇంకో పక్క కరెంటు తీగలు, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్లు నలుగురు. అందరినీ తప్పించి చేలో దించాడు. చక్రాలు బురదలో దిగబడి, కొంత దూరం దున్నుకుంటూ పోయి, ముక్కు నేలకి ఆని ఆగింది. మా ఆవిడ మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకోలేనంతగా వణుకుతున్నాడు. ‘మీ చేను పాడు చేశానండి’ అన్నాడు. ‘నువ్వు బతికావు, అదే చాలు బాబూ’ అన్నాను. ఇప్పటికీ నాది అదే మాట.

విమానం దిగినప్పుడు పోయింది పదిహేను సెంట్లకి మించదు. మిగతాదంతా మీరు దాన్ని తీసుకెళ్లేటప్పుడు పోయింది. అధికారులు చూసేదాకా కదపకూడదన్నారు, అది సరే. చుట్టూ ఒక రిబ్బను కట్టి మీవాళ్లు వెళ్లిపోయారు. చుట్టుపక్కల ఊళ్ల జనం చేనంతా తొక్కేశారు. సామాను ఎవరైనా పట్టుకుపోతే మా మీదకి వస్తుందని నేనూ మా అబ్బాయీ రెండు రాత్రులు టార్చి వేసుకుని కాపలా ఉన్నాం. మూడో రోజు క్రేను వచ్చింది. పుంత (బండ్ల దారి) వైపు నుంచి తెమ్మని బతిమాలాను. ‘నువ్వు పక్కకి జరుగు’ అని మీ సూపర్‌వైజరు గట్టు తెగ్గొట్టించి, బోదె మీదుగా బండి ఎక్కించారు. ఆయన వయసు నా కొడుకు వయసే.

దాళ్వాలో, అంటే రబీలో, మాకు నీళ్లు వంతుల మీద వస్తాయి. బోదె పూడిపోవడంతో ఆ వంతు తప్పింది. అప్పుడే ఈనిన చేను, గింజ పాలు పోసుకునే సమయం. తర్వాత పై మడిలో కంకి తీసి నొక్కి చూస్తే పాలు లేవు, ఉత్త పొట్టు. మొత్తం డెబ్బై సెంట్లు పోయింది.

రెక్కల్లోంచి పెట్రోలు క్యాన్లలోకి దించేటప్పుడు కొంత చేలో ఒలికింది. మడిలో నీటి మీద నీలంగా తెట్టు కట్టింది, అక్కడి వరి ఎండిపోయింది. చిన్న విమానాలకి వాడే ఆ పెట్రోలుకి గుర్తు కోసం నీలం రంగు కలుపుతారని, అందులో సీసం కూడా ఉంటుందని మా అబ్బాయి చదివి చెప్పాడు. అదే మట్టిలో వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) నారు వేయాలి. మా టెన్షన్ మీకు అర్థమవుతుందనుకుంటాను.

ఇక చెక్కు సంగతి. మీరు పాసుపుస్తకంలో పేరు చూసి హైదరాబాదులో ఉండే భూమి యజమానికి ఇచ్చారు. ఆయన పొలం ఆయనకి అలాగే ఉంది, పోయింది నా పంట. విత్తనం, ఎరువు, ఊడ్పుల కూలి అన్నీ నావే. ఎకరానికి పదిహేను బస్తాల మక్తా (కౌలు) ఆయనకి ఎటూ కొలవాల్సిందే. ‘కౌలు రైతు అనడానికి కాగితం ఏది’ అని మీ ఆఫీసులో అడిగారు. ఉంది. 2019 చట్టం కింద పదకొండు నెలలకి ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం నా పేరున ఉంది, ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఈ దాళ్వా పంటా నా పేరునే నమోదైంది. మా ఊళ్లో చాలామంది కౌలు రైతులకి ఆ పత్రమే లేదు. అది ఉన్న నాకే ఇలా అయితే వాళ్ల గతేమిటి?

దర్యాప్తు రిపోర్టు వచ్చేదాకా ఆగమని మొన్న ఫోనులో అన్నారు. విమాన ప్రమాదాల దర్యాప్తుకి ఉన్న 2017 రూల్స్ ప్రకారం ఆ దర్యాప్తు ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడటానికే, తప్పు ఎవరిదో తేల్చి డబ్బు ఇప్పించడానికి కాదు. దానికీ నా పంటకీ ముడి పెట్టకండి.

ఎకరానికి 44 బస్తాల చొప్పున డెబ్బై సెంట్లకి 31 బస్తాలు. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకి రూ.2,369 లెక్కన 75 కిలోల బస్తా రూ.1,777. మొత్తం రూ.55,087. ఇది నా పేరున ఇవ్వండి. గట్టు, బోదె సార్వా ఊడ్పులకి ముందే మీ ఖర్చుతో బాగు చేయించండి. పెట్రోలు ఒలికిన చోట మట్టి పరీక్ష చేయించి ఆ కాగితం నాకు పంపండి. ఇంజన్ ఎందుకు ఆగిందో తేలాక మా ఊరివాళ్లకి తెలుగులో చెప్పించండి. మీ విమానాలు ఇవాళ కూడా మా ఇళ్ల మీదుగానే వెళ్లాయి.

హక్కు పత్రం, ఈ-క్రాప్ రసీదు నకళ్లు, చేను ఫోటోలు జతపరిచాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే కలెక్టరు గారి దగ్గర అర్జీ పెడతాను.

ఇట్లు,
మీ విమానం దిగిన చేను కౌలు రైతు