ఆషాఢం అని జాయినింగ్ వాయిదా వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పైలట్ అవ్వడం ఎలా అని మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, మెడికల్ పాసవ్వాలి, విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాయాలి, 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఎయిర్‌లైన్‌లో లక్షల జీతం. రాసిందాంట్లో తప్పేం లేదు. కానీ ఆ 'ఆ తర్వాత' దగ్గర ఏం జరుగుతుందో ఎవరూ రాయరు, మీరూ రాయలేదు. ఆ ముక్క నేను రాస్తున్నాను, వీలైతే వేయండి.

ఎందుకు రాయాలనిపించిందంటే, ఆషాఢంలో గుడివాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు, మా బావమరిదికి స్నేహితుడు. "సార్, మావాడికి ఆఫర్ లెటర్ వచ్చిందండీ, ఇంక సెటిలైపోయినట్టేగా" అన్నారు. ఎప్పుడు చేరమన్నారని అడిగాను. "పదో తారీఖున రమ్మన్నారు, కానీ ఆషాఢం కదండీ, శ్రావణంలో ఇంకో బ్యాచ్ ఉందంట, అందులో చేరతానని మెయిల్ పెట్టమన్నాను" అన్నారు. చేతిలో కాఫీ పక్కన పెట్టేసి, ఆ మెయిల్ వెళ్లిపోయిందా లేదా, ముందు అది చెప్పండి అన్నాను. నా గొంతుకి ఆయన కంగారు పడ్డారు పాపం.

విషయం ఏమిటంటే, ఎయిర్‌లైన్‌లో చేరిన రోజున మనకి ఒక సీనియారిటీ నంబర్ పడుతుంది. ఒక్కో సంస్థలో పద్ధతి కొంచెం అటూ ఇటూ ఉన్నా, ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని, కెప్టెన్ చేసే కమాండ్ ట్రైనింగ్‌కి పిలిచేది దాదాపు ఆ వరసలోనే, పెద్ద విమానానికి మారాలన్నా, సొంతూరికి దగ్గర బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, కావాలన్నా, సంక్రాంతికి సెలవు దొరకాలన్నా ముందు చూసేది ఆ జాబితాలో మన పైన ఎంతమంది ఉన్నారనే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, ఇక్కడ ఆ సామెత పనిచేయదు, చెవులదే రాజ్యం.

నా సంగతే చెప్తాను. నాకూ రెండు తేదీలు ఇచ్చారు. మా చిన్నాన్న కూతురి పెళ్లి ఉందని, నలభై రోజులు ఆగి రెండో బ్యాచ్‌లో చేరాను. పెళ్లిలో వడ్డనలు బాగా చేశాను. నాలుగేళ్లకి మొదటి బ్యాచ్ వాళ్లని కమాండ్‌కి పిలిచారు, మా బ్యాచ్ వంతు వచ్చేసరికి సంస్థ చేతిలో డబ్బుల్లేక లీజు విమానాలు తిరిగిచ్చేసింది, అప్‌గ్రేడ్లు ఆపేశారు. నలభై రోజులు కాస్తా రెండున్నరేళ్లు అయ్యింది. కెప్టెన్ జీతం ఫస్ట్ ఆఫీసర్ జీతానికి రెట్టింపు పైమాటే, కాబట్టి ఆ పెళ్లి భోజనం నాకు ఎంత పడిందో మీరే లెక్కేసుకోండి. తర్వాత ఆ సంస్థ మూతపడింది, పేరెందుకులెండి.

మూతపడితే నంబర్ కూడా పోతుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్, వీటిల్లో ఉన్న పైలట్లు లాగ్‌బుక్‌లో గంటలు మాత్రం పట్టుకుని బయటికొచ్చారు. గంటలు ఎక్కడైనా చెల్లుతాయి, సీనియారిటీ చెల్లదు. మన దేశంలో అనుభవం ఉన్న కెప్టెన్‌ని కెప్టెన్‌గానే తీసుకునే అలవాటు ఉంది కాబట్టి కొంత నయం. అమెరికాలో అయితే మరీ కఠినం, ఇరవై ఏళ్లు కెప్టెన్‌గా చేసినవాళ్లు కూడా ఇంకో పెద్ద సంస్థకి మారితే సాధారణంగా ఫస్ట్ ఆఫీసర్‌గా జాబితా అడుగు నుంచి మొదలుపెట్టాలి. నెల నెలా ఏ ఫ్లైట్లు నడపాలో కూడా అక్కడ సీనియారిటీ వరసలోనే ఎంచుకుంటారు, మనుషుల్ని తీసేయాల్సి వస్తే చివర చేరినవాళ్లే ముందు పోతారు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్ల పిల్లలు ఈ ఉద్యోగంలోకి వెళ్లాలనుకుంటే అది కూడా తెలుసుకుని వెళ్లాలి.

మరీ ఇంత రాద్ధాంతం అవసరమా అనుకునేవాళ్లు 2012 గుర్తు తెచ్చుకోండి, ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి కదా, కొత్తగా వస్తున్న బోయింగ్ 787ల మీద ట్రైనింగ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు వాళ్లకి కూడా ఇస్తే తమ వరస వెనక్కిపోతుందని పాత ఎయిర్ ఇండియా వాళ్ల భయం. 2024 నవంబర్‌లో విస్తారా వచ్చి ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు కూడా మా వాట్సాప్ గ్రూపుల్లో ముందు నడిచిన చర్చ, రెండు జాబితాలూ ఎలా కలుపుతారనే.

సరే, తేదీకి చేరారు. అక్కడితో అయిపోలేదు. కొన్ని సంస్థల్లో నంబర్ చేరిన తేదీని బట్టి, కొన్నింట్లో లైన్ రిలీజ్, అంటే ట్రైనింగ్ మొత్తం ముగించి మామూలు డ్యూటీకి వదిలిన తేదీని బట్టి, ఒకే బ్యాచ్‌లో అయితే మార్కులో వయసో చూస్తారు. చేరినరోజే అడిగేయండి, ఇందులో మొహమాటం పనికిరాదు. రిలీజ్ తేదీ లెక్క అయితే సిమ్యులేటర్‌లో, అంటే నేలమీదే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో, ఒక్క పరీక్ష తప్పినా వరసలో వెనక్కి జారతారు.

అందుకే చేరకముందే చదవాలి. మా రోజుల్లో చేరాక వాళ్లే నేర్పిస్తారులే అనుకుని చేతులూపుకుంటూ వెళ్లినవాళ్లు మొదటి వారంలోనే బిక్కమొహం వేశారు. పొద్దున సంస్థ నియమాలు, ప్రమాదకర సరుకుల క్లాసు, మధ్యాహ్నం సెక్యూరిటీ, మర్నాడు లైఫ్ జాకెట్ వేసుకుని ఈతకొలనులో దూకడం, జారుడుబల్ల లాంటి దానిమీంచి విమానం ఖాళీ చేయడం, ఆ వెంటనే ఎయిర్‌బస్ 320 విమానం కరెంటు, హైడ్రాలిక్స్, ఇంధనం, ఆపైన పరీక్ష. ఇంటికొచ్చి చదువుకునే టైమ్ అని విడిగా ఉండదు.

నేను చేసింది ఒకటి చెప్తాను, పెద్దగా ఖర్చు లేనిది. కాక్‌పిట్ బొమ్మ నిలువెత్తు పోస్టర్ ప్రింట్ తీయించి బీరువా తలుపుకి అంటించాను. దాని ముందు కుర్చీ వేసుకుని, ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్ అని చేయి నిజంగా ఎత్తి, నోటితో పైకి చెప్తూ రోజుకి రెండు గంటలు. మా అమ్మమ్మ చూసి "ఒరేయ్, బీరువాకి మొక్కుతున్నావేంట్రా" అనేది. కానీ సిమ్యులేటర్‌లో అసలు పరీక్ష అదే. విమానం వేగం అందుకుని ఇక ఆగడానికి వీల్లేని దశలో ఇన్‌స్ట్రక్టర్ ఒక ఇంజన్ చంపేస్తాడు, ముక్కు పక్కకి లాగేస్తుంది, దాన్ని తిన్నగా ఉంచడానికి రడ్డర్ పెడల్ కాలితో గట్టిగా తొక్కిపట్టాలి, గంట మోగుతుంది, ఎదురుగా స్క్రీన్ మీద హెచ్చరిక అక్షరాలు. అప్పుడు గబగబా ఏదో ఒక స్విచ్ నొక్కేయాలనిపిస్తుంది. నొక్కకూడదు. 400 అడుగులు దాటేదాకా విమానాన్ని తిన్నగా నడపడం, చక్రాలు పైకి తీయడం, అంతే, ఇంజన్ గొడవ ఆ తర్వాత. ఆ ఓపిక పుస్తకం చదివితే రాదు, కుర్చీలో కూర్చుని వందసార్లు చేస్తే వస్తుంది.

కొన్ని అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. 320 మీద చక్రాలు దించడానికి 250 నాట్లు దాటకూడదు, పైకి తీయడానికి 220. స్పీడు మీటర్లు అబద్ధం చెప్తున్నాయని అనుమానం వస్తే ముక్కు ఎంత ఎత్తాలో, పవర్ ఎంత పెట్టాలో కంఠతా రావాలి, అప్పుడు పుస్తకం తిరగేసే టైమ్ ఉండదు. ఇంకోటి, సిమ్యులేటర్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, కొత్తవాళ్లకి రాత్రి రెండింటికి స్లాట్ పడటం మామూలే. నాలుగు గంటల సెషన్, ఇద్దరు ట్రైనీలు, ఒకరు నడిపితే ఇంకొకరు చూస్తూ చెక్‌లిస్ట్ చదవాలి. పార్ట్‌నర్‌తో పోటీ పెట్టుకోకండి. వాడు మునిగితే మీరూ మునుగుతారు.

తర్వాత ఖాళీ విమానంలో ల్యాండింగులు, నాకు ఆరు వేశారు, మొదటిది ఇన్‌స్ట్రక్టర్ నడుము పట్టేసేలా దించాను. ఆపైన ప్రయాణికులతోనే లైన్ ట్రైనింగ్. దూరపు ఫ్లైట్ అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. హైదరాబాద్ నుంచి విజయవాడ పంపితే తెలుస్తుంది, పైకెక్కామనుకునేలోపే దిగే ఏర్పాట్లు, రేడియోలో ఒకరు పిలుస్తుంటారు, పక్కన కెప్టెన్ ఏదో అడుగుతుంటాడు, వెనకనుంచి క్యాబిన్ వాళ్లు ఫోన్ చేస్తుంటారు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. రిలీజ్ అయ్యేవరకు చాలాచోట్ల ఇచ్చేది స్టైపెండే, అప్పటికి లోన్ కిస్తీ మొదలైపోతుంది. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోకపోతే ఆ టెన్షన్ సిమ్యులేటర్‌లోకి కూడా వస్తుంది. బాండ్ కాగితం సంతకం పెట్టేముందు చదవండి. మానేయాలన్నా డీజీసీఏ 2017 నియమం ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ ఆర్నెల్లు, కెప్టెన్ ఏడాది నోటీసు ఇవ్వాలి.

రిలీజ్ అయ్యాక చాలామంది కారు కొంటారు. కొనుక్కోండి, కానీ కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్సు ఏటీపీఎల్ రాత పరీక్షలు ఆ మొదటి ఏడాదిలోనే రాసేయండి. దానికి కావాల్సిన 1500 గంటలు ఎలాగూ నెమ్మదిగా నిండుతాయి, పరీక్షలు మాత్రం వాటంతట అవి అవ్వవు. కమాండ్ పిలుపు మీ నంబర్ దాకా వచ్చిన రోజున ఆ లైసెన్సు చేతిలో లేకపోతే మిమ్మల్ని దాటి కింది నంబర్‌ని పిలుస్తారు. మా బ్యాచ్‌లో ఇద్దరికి అలాగే జరిగింది, అందులో ఒకడు బ్యాచ్ ఫస్ట్.

2023లో ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 విమానాలు ఆర్డర్ చేశాయని మీ వ్యాసంలో గొప్పగా వేశారు. వస్తాయి, ఏళ్ల తరబడి వస్తాయి. అవి వచ్చినప్పుడు ముందు ఎవరిని కూర్చోబెడతారన్నది కూడా ఈసారి ఒక పేరా వేయండి సార్.

గుడివాడ అబ్బాయి మెయిల్ ఇంకా పంపలేదట, బతికిపోయాడు. వాళ్లమ్మగారు ఆషాఢంలోనే ఏదో మంచి ఘడియ చూసి పదో తారీఖుకి పంపారు. చేరడానికి ముందు ఉన్న రెండు వారాల కోసం నా పాత పోస్టర్ కొరియర్ చేశాను. నాలుగు రోజులకి వాళ్ల నాన్నగారు మళ్లీ ఫోన్ చేశారు. "సార్, ఆ బొమ్మ నా బీరువాకే అంటించాడండీ, చొక్కా తీసుకుందామని వెళ్తే చెక్‌లిస్ట్ అయ్యేదాకా ఆగమంటున్నాడు" అన్నారు.

ఇట్లు,
ఒక కెప్టెన్,
హైదరాబాద్