మీ డబ్బు సంగతి, మీ మల్లెల సంగతి

మా నర్సరీ కస్టమర్లందరికీ నమస్కారమండి. ఈ 2020 ఏప్రిల్ 14తో అయిపోతుందనుకున్న కరోనా లాక్‌డౌన్ మే 3 దాకా పొడిగించారు కాబట్టి ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను.

ఉగాదికి మొక్కలు అందిస్తామని మార్చి మొదట్లో మీ దగ్గర అడ్వాన్సులు తీసుకున్నాం. 22న జనతా కర్ఫ్యూ. రెండు రోజులు ఆగి చూద్దామని మావాళ్లు చెప్పినా వినకుండా, ఆ మర్నాడే నేను లోడెత్తించాను. ఉగాది నాడు, 25న, అన్నీ మూతపడ్డాయి. మల్లె, గులాబీ మొక్కలు గోడౌన్‌లోనే ఎండిపోయాయి. తప్పు నాది, నష్టం కూడా నాదే. డబ్బు వెనక్కి అడిగినవారికి నెలాఖరులోపు పంపేస్తాను. మొక్కే కావాలన్నవారికి బండ్లు తిరిగాక పంపుతాను. కానీ వెంటనే కాదండి. నర్సరీలో మిగిలిన మొక్కల్ని కదిపి పెట్టే మనుషులు లేక కవర్లలోంచి వేర్లు నేలలోకి దిగిపోయాయి. వేరు తెగిన మొక్కను కొన్నాళ్లు నీడలో ఉంచి, నిలదొక్కుకున్నాకే పంపుతాను.

కడియం చుట్టుపక్కల ఈ రోజుల్లో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. మా పక్క చేలో రైతు బంతిపూలు కోసి గట్టు మీద పోస్తున్నాడు. కొనేవాళ్లు లేరు, కోయకపోతే కొత్త మొగ్గ రాదు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఇక మీ ఫోన్లు. పదిమందిలో ఆరుగురు ఒకటే అడుగుతున్నారు: మల్లె ఆకు పసుపు రంగుకి మారుతోంది, మొగ్గ రావడం లేదు, ఏ మందు కొట్టాలి అని. మందేమీ వద్దండి. ఇంట్లోనే ఉంటున్నాం కదా అని పూటపూటా నీళ్లు పోసేస్తున్నారు. కుండీలో వేరు కుళ్లిపోతోంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి పోయకండి. పొడిగా ఉంటే పొద్దున్నే ఒకసారి, కింద కన్నంలోంచి నీరు కారేదాకా పోయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వద్దు. మల్లెకి ఎండ బాగా తగలాలి, గ్రిల్ లోపల నీడలో పెడితే ఆకులే తప్ప పువ్వు రాదు. పూత అయిన కొమ్మల చివర్లు రెండు కణుపులు కత్తిరించండి. కొత్త చిగురు చివరే మొగ్గ వేస్తుంది.

కొత్త మొక్క కావాలంటే నా కోసం ఆగక్కర్లేదు. పొడవాటి మల్లె తీగను వంచి, పక్క కుండీలో ఒక కణుపు మట్టిలో కప్పి, పైన రాయి పెట్టండి. మూడు నాలుగు నెలల్లో వేరు పోసుకుంటుంది, అప్పుడు తల్లి నుంచి కోసుకోవచ్చు. ఉగాదికి గుమ్మానికి కట్టిన బంతి దండ ఇంకా ఉంటే దాన్నీ పారేయకండి. ఎండిన పువ్వు విప్పితే నల్లటి సన్నని గింజలు ఉంటాయి, పల్చగా చల్లండి. ముదరకుండా కోసిన పూలైతే సగం మొలవకపోవచ్చు. మొలిచినవి రెండు నెలలకు పూస్తాయి.

పొద్దున పూట తడి పెట్టే పనిలో ఉంటాం. మొక్క ఫొటో వాట్సాప్‌లో పెట్టి, మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి.