మంచిగున్న మా కండ్లను కూడా పరీక్షించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వరంగల్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. 2023 వానాకాలంలో కండ్లకలక ఇంటింటికీ వచ్చినప్పుడు, మా వార్డు ఆయమ్మ మెడికల్ షాపు నుంచి మాక్సిఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కల మందు తెచ్చుకుంది. డాక్టర్ చీటీ ఏదని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఒకే సీసా ముగ్గురం వేసుకున్నాం. అన్నీ తెలిసి నేను కూడా వేసుకున్నాను. అలాంటి కండ్లకలక ఎక్కువగా వైరస్‌తో వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేసేది మన కండ్లలో అంతకుముందే ఉన్న బ్యాక్టీరియా మీద. బలహీనమైనవి చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి.

ఏ జబ్బూ లేని కంటిలో కూడా బ్యాక్టీరియా ఉంటుంది సార్. కన్నీళ్లలో ఉండి క్రిములను చంపే లైసోజైమ్, రెప్పపాటు కలిసి దాన్ని అదుపులో ఉంచుతాయి. ఎక్కువగా కనిపించేది చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిసే. మామూలుగా దానితో ఏ బాధా లేదు. కానీ మేం రోజంతా తిరిగేది చీము పట్టిన పుండ్లు, క్యాథెటర్లు, ఐసీయూ మంచాల మధ్య. గ్లౌజు తీసిన చేత్తోనే చెమట పట్టిన కన్ను తుడుచుకుంటాం. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వచ్చింది, దానికి లొంగని స్టెఫైలోకాకస్ 1961కల్లా బ్రిటన్‌లో బయటపడింది. అలాంటి మొండి రకాలు ఆరోగ్యంగా ఉన్న ఆసుపత్రి సిబ్బంది కండ్లలోనూ దొరికాయని వేర్వేరు దేశాల పరిశోధనలు చెప్పాయి. మా కండ్లలో ఏమున్నాయో మాకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఎప్పుడు ముఖ్యమవుతుందంటే, మాలో ఒకరికి శుక్లాల ఆపరేషన్ జరిగినప్పుడు. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పడితే, దానికి కారణమైన క్రిమి చాలాసార్లు ఆ మనిషి సొంత రెప్పల మీదిదే. అందుకే కత్తి పెట్టేముందు క్రిములను చంపే పొవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తారు. అవి మొండి క్రిముల మీద కూడా పనిచేస్తాయి. అయినా అరుదుగా ఏదో ఒకటి లోపలికి పోతే, ఏ మందు పనిచేస్తుందో ముందే తెలియడం చూపును కాపాడుతుంది.

నేను అడిగేది ఒక్కటే. కాకతీయ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంతో, ఎంజీఎం, ప్రాంతీయ కంటి ఆసుపత్రి సిబ్బందిలో ఇష్టమున్నవాళ్ల కండ్ల నుంచి ఏడాదికోసారి స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) తీయించండి. డాక్టర్లు, నర్సులతో ఆగకుండా ఆయమ్మలు, పారిశుద్ధ్య కార్మికుల దాకా రావాలి. పేర్లు రాయొద్దు, నంబరు చాలు. ఏ వార్డులో ఏ మందుకు లొంగనివి ఉన్నాయో అందరికీ కనపడేలా పెట్టండి.

పేరు వద్దని ఎందుకంటున్నానంటే, అవుట్‌సోర్సింగ్ వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. "నీ కంట్లో పురుగుందట, రేపటి నుంచి రాకు" అంటారేమోనని వాళ్ల భయం. స్వాబ్‌లో ఏది వచ్చినా ఎవరి పనీ పోదని, డ్యూటీ మారదని జీవోలోనే రాయించండి. ఇంకో మాట కూడా అందులో ఉండాలి. కన్ను బాగుంటే, క్రిమి కనిపించినంత మాత్రాన మందు వేయకూడదు. వేస్తే మళ్లీ అదే కథ.

మెడికల్ షాపుల సంగతికి కొత్త చట్టం అక్కర్లేదు. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్1 2014 నుంచి అమల్లో ఉంది, అందులో మాక్సిఫ్లోక్సాసిన్ ఉంది. కంటి చుక్కలకు కూడా ఆ రూలు వర్తిస్తుంది. చీటీ చూసి, రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి, మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్ తెరిచి చూస్తే చాలు.

మా ఆయమ్మకు వచ్చే చలికాలంలో శుక్లాల ఆపరేషన్ ఉంది. ఆలోపే మొదలుపెట్టించండి. మొదటి స్వాబ్ నేనిస్తాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, వరంగల్