ఆ ఆరంకెల కోడ్ గురించి: ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన మంగళవారం నుంచి గేటు దగ్గరా బస్టాపుల్లోనూ ఒకటే చర్చ. తలా ఒక రకంగా వింటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆరో తరగతి వాట్సాప్ గ్రూపులోని ఒక తల్లికి, తెలిసినవాళ్ల నంబరు నుంచే మెసేజ్ వచ్చింది: "నా కోడ్ పొరపాటున మీకొచ్చింది, కాస్త పంపండి." ఆవిడ పొయ్యి మీద పాలు చూసుకుంటూ ఆరంకెలూ పంపేశారు. అది ఆవిడ వాట్సాప్‌నే వేరే ఫోనులో తెరిచే కోడ్. కాసేపటికి ఆవిడ పేరుతో, ఆవిడ ఫొటోతో మిగతావాళ్లకు అదే మెసేజ్ వెళ్లింది. రాత్రి ఎనిమిదయ్యేసరికి మూడిళ్ల ఖాతాలు పోయాయి, "అర్జెంటుగా పదిహేను వేలు" అని అడగడం మొదలైంది. ఆవిడ తన నంబరుకు మళ్లీ కోడ్ తెప్పించుకుని కొట్టగానే దొంగ ఫోనులో ఖాతా మూతపడింది. కానీ వాడు అప్పటికే ఆ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ అనే రెండో తాళం వేసి, తన పిన్ పెట్టేశాడు. ఆ పిన్ తెలియదు కాబట్టి తన ఖాతా మళ్లీ తెరవడానికి ఇప్పుడావిడ ఏడు రోజులు ఆగాలి.

నంబర్లు స్కూలే బయటపెట్టిందని కొందరంటున్నారు. ఈ దొంగతనం మన ఫోన్లలోంచి ఫోన్లలోకి పాకింది, మా రిజిస్టరులోంచి కాదు. అయితే జూన్‌లో బస్సు జాబితాను పుట్టిన తేదీలు, బ్లడ్ గ్రూపులతో సహా గ్రూపులో పెట్టింది మా ఆఫీసే. అది తప్పు. తీసేశాం. ఇకమీదట ఎవరి పిల్లల వివరాలు వాళ్లకే పంపుతాం.

ఆ రాత్రి మన ఏడో తరగతి అమ్మాయి ఒకతి చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి. వాళ్ల పిన్ని ఖాతా నుంచి అమ్మమ్మకు మెసేజ్ వచ్చింది. అమ్మమ్మ కంగారుపడి యూపీఐ పిన్‌లో రెండంకెలు కొట్టేసింది కూడా. ఈ పిల్ల మెసేజ్ చదివి, "ఆగు అమ్మమ్మా, పిన్ని నిన్నెప్పుడైనా 'మీరు' అందా?" అని ఫోను లాక్కుంది. వెంటనే పిన్నికి మామూలు కాల్ చేసింది. వాట్సాప్ పోయినా సిమ్ మన దగ్గరే ఉంటుంది, కాల్ వెళ్తుంది. ఆ తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించింది కూడా ఆ పిల్లే. డబ్బు పోతే ఆ నంబరుకు ఎంత త్వరగా చెబితే, దొంగ చేతికి అందకముందే ఆపే అవకాశం అంత ఎక్కువని తనకు తెలుసు. పన్నెండేళ్లు!

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మీలో చాలామంది మన బెంగళూరు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. అక్కడ రెండుసార్లు ధ్రువీకరించుకోనిదే లాప్‌టాప్ తెరవరు. ఇంటికొచ్చాక ఆ జాగ్రత్త ఏమవుతోందో దయచేసి ఆలోచించండి. నాన్న యూపీఐ పిన్ ఎవరికి తెలుసని నాలుగో తరగతిలో అడిగితే లేచిన చేతులు చూసి టీచరుకు నోట మాట రాలేదు. ఒకబ్బాయి అంకెలు కూడా చెప్పబోతే ఆపాల్సొచ్చింది. పుట్టినరోజు నాడు మెడలో ఐడీ కార్డుతో బిడ్డ ఫొటో స్టేటస్‌లో పెడతారు, ఆ తేదీనే పాస్‌వర్డ్‌గా వాడతారు. పదేళ్ల పిల్లాడికి ఇన్‌స్టాగ్రామ్ కోసం పుట్టిన సంవత్సరం 2005 అని మీరే కొట్టిస్తారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలనే అంటోంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే మీ అనుమతి ఉండాలంటోంది. ఆ అనుమతిని మాల్‌లో లక్కీ డ్రా కూపన్ మీద రాసిచ్చేయకండి. మీ బిడ్డ పేరు, ముఖం, పుట్టిన తేదీ బిడ్డవి. పెద్దయ్యాక తను అడిగితే మీరేం చెబుతారు?

పాస్‌వర్డ్ విషయంలో నాకొక పట్టుదల ఉంది, అదీ మన తెలుగుతో ముడిపడినదే. కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలచేత సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి పాస్‌వర్డ్ తయారు చేయించాం. 'గుమ్మడి తాళం ఆవిరి నెమలి', ఇలా. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఇరవై దాటుతాయి. పొట్టి పాస్‌వర్డ్‌లో ఒక అంకె, ఒక గుర్తు ఇరికించడం కన్నా పొడవు మేలు. ఇంట్లో తెలుగు వినిపించే పిల్లలకు మాటల కరువు లేదు. ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మను అడిగి కవ్వం, రోకలి, చేంతాడు, ఉట్టి పట్టుకొచ్చింది! టీవీ కట్టేసి రోజుకో పావుగంట పిల్లలతో తెలుగులో మాట్లాడండని నేను ఏళ్లుగా బతిమాలుతున్నాను, మళ్లీ బతిమాలుతున్నాను. (ఇక్కడ అచ్చయిన మాటల్ని మాత్రం ఎవరూ పాస్‌వర్డ్‌గా పెట్టుకోకండి.)

నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవం, పిల్లలు ఎనిమిదిన్నరకల్లా రావాలి. రెండో టర్మ్ ఫీజు పదో తేదీలోగా. స్వెట్టర్ల మీద పేర్లు కుట్టండి.

ఈ శనివారం పదింటికి ల్యాబ్‌కు రండి, అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ వెంటబెట్టుకుని. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఎలా పెట్టాలో మన ఎనిమిదో తరగతి పిల్లలు పక్కన కూర్చుని చూపిస్తారు. పిన్ మాత్రం మీరే కొట్టాలి, వాళ్లు మొహం పక్కకు తిప్పుకుంటారు. ఫోను, ఛార్జరు, పెద్దవాళ్ల కళ్లజోడు తెచ్చుకోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు