చిన్న వ్యాపారానికి వెన్నుదన్ను

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి వారం దాటింది. నువ్వు అడిగిన ప్రశ్నకు తొందరపడి జవాబు రాయాలనిపించలేదు. కొందరు మిత్రులు కలిసి నిధి కూడబెట్టి, చిన్న వ్యాపారాలు పెట్టుకోదలచిన వారికి తక్కువ వడ్డీకి అప్పులివ్వాలని అనుకుంటున్నారనీ, దీనితో ఒక ప్రాంతం నిజంగా బాగుపడుతుందా, లేక ఇది మన తృప్తి కోసం చేసిన పనిగా మిగిలిపోతుందా అనీ రాశావు. బాగుపడుతుందనే నా నమ్మకం. అయితే ఆ పని అప్పు ఒక్కదాని వల్ల కాదు. చిన్న వ్యాపారి ఒంటరిగా చేసుకోలేని పనులను అందరి తరఫునా చేసిపెట్టే ఉమ్మడి ఏర్పాటు ఒకటి వెనుక నిలబడాలి.

అప్పును తక్కువ చేస్తున్నానని అనుకోకు. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో అర్థశాస్త్ర అధ్యాపకుడు మహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి ఇచ్చిన సొమ్ము 27 డాలర్లకు సమానం. వెదురు పీటలు అల్లే స్త్రీలు, ముడిసరుకుకు డబ్బిచ్చిన వ్యాపారికే అతను చెప్పిన ధరకు సరుకు అప్పగించవలసి వచ్చేది. ఆ కొద్దిపాటి సొమ్ము వారిని ఆ కట్టు నుంచి విడిపించింది. అందులోంచే 1983లో, పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు అక్కడ పుట్టింది. కానీ బోస్నియా, ఇథియోపియా, భారత్, మెక్సికో, మంగోలియా, మొరాకో దేశాల్లో సూక్ష్మరుణాల మీద జరిగిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేచోట వెలువడినప్పుడు తేలింది మరొకటి: వ్యాపారం పెట్టుకునే, విస్తరించుకునే వెసులుబాటు పెరిగింది గానీ, కుటుంబాల సగటు ఆదాయం చెప్పుకోదగినంతగా పెరగలేదు. నాకు ఇందులో వింతేమీ కనిపించదు. ఒకే వీధిలో పదిమందికి అప్పు దొరికితే, పదిమందీ తమకు తెలిసిన ఆ ఒక్క వ్యాపారమే పెడతారు; కొనేవారు మాత్రం పెరగరు.

పాల సంగతి చూడు. పితికిన పాలు కొన్ని గంటల్లో విరిగిపోతాయి కాబట్టి బేరమాడే తీరిక రైతుకు ఉండదు; దళారి బలమంతా అక్కడే ఉంది. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో పాలు పోయడం మానేసి ఎదురు తిరిగారు. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఆ ఏడాది డిసెంబరులో నమోదైన సహకార సంఘం మొదట్లో రెండు గ్రామాల నుంచి రోజుకు 247 లీటర్లు మాత్రమే సేకరించింది. అటువంటి సంఘపు పాల కేంద్రం దగ్గర తెల్లవారుజామున నిలబడితే సంగతంతా కళ్లకు కడుతుంది. ఉన్న ఒక్క గేదె పాలను ఒక స్త్రీ తెచ్చి పోస్తుంది. అక్కడ పాలు కొలిచి, చిన్న నమూనా తీసి, వెన్న శాతం చూసి, ఆమె పుస్తకంలో రాస్తారు. రెండు లీటర్లు పోసినవారికీ ఇరవై లీటర్లు పోసినవారికీ అదే వరుస, అదే పరీక్ష, వెన్నను బట్టి కట్టే అదే ధర. తన సరుకు విలువ ఎంతో ఎదుటివాడి నోటి మాట మీద కాక కొలత మీద తేలడం చిన్న ఉత్పత్తిదారుకు ఎంత ధైర్యమో నువ్వే ఆలోచించు.

అంతటితో ఆగితే ఆ సంఘం నిలబడేది కాదు. చలికాలంలో గేదెలు వేసవిలో కంటే చాలా ఎక్కువ పాలిస్తాయి. ఆ మిగులును పొడి చేసి దాచగలిగితేనే రైతుకు ధర నిలుస్తుంది. గేదె పాలతో పొడి చేయడం కుదరదని నిపుణులు అంటున్న కాలంలో పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా దానిని సాధించాడు. 1949లో ఖేడా జిల్లాలోని ఆనంద్ పట్టణానికి వచ్చి ఆ సంఘాన్ని నడిపిన వర్గీస్ కురియన్ దక్షతతో కలిసి, 1955లో అక్కడ పాలపొడి కర్మాగారం మొదలైంది. అప్పు తెచ్చి మూడో గేదెను కొనుక్కోగలిగిన రైతు ఏ వడ్డీకీ ఆ కర్మాగారం కట్టుకోలేడు. నా మాటంతా ఈ తేడా గురించే.

స్పెయిన్‌లోని మోండ్రాగోన్ కథ నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ డబ్బు కంటే ముందు బడి వచ్చింది. అంతర్యుద్ధంలో నలిగిపోయిన ఆ చిన్న పట్టణానికి 1941లో వచ్చిన హోసే మారియా అరిస్మెండియారియెటా అనే యువ మతగురువు 1943లో ఒక వృత్తివిద్యా పాఠశాల తెరిచాడు. పదమూడేళ్ల తర్వాత, 1956లో, అక్కడ చదువుకున్న ఐదుగురు కిరోసిన్ స్టవ్వులు తయారుచేసే సంస్థను మొదలుపెట్టారు. పనిచేసేవారే దానికి యజమానులు. 1959లో స్థానికుల పొదుపుతో బ్యాంకు ఏర్పడింది. ఆ బ్యాంకు అప్పివ్వడంతో చేతులు దులుపుకోలేదు. కొత్త సంస్థ ఏమి తయారుచేయాలి, ఎక్కడ అమ్మాలి అన్న లెక్కలను వారితో కూర్చుని వేసే విభాగాన్నే నడిపింది. 2013లో, అలా పెరిగిన సహకార సంస్థల కూటమిలోని గృహోపకరణాల సంస్థ ఫాగోర్ దివాలా తీసింది. అది పెద్ద దెబ్బే, దాచవలసిన పని లేదు. కానీ సభ్యుల్లో చాలామందికి తోటి సహకార సంస్థలు పని చూపించాయి. పడినప్పుడు పట్టుకునే చెయ్యి ఒంటరి వ్యాపారికి ఎక్కడ దొరుకుతుంది?

ఏ పని చేపట్టాలో ఎవరు నిర్ణయించాలని కూడా అడిగావు. జపాన్‌లోని ఓయామా కొండప్రాంతాన్ని చూడు. ప్రభుత్వం వరి పెంచమంటున్న కాలంలో, 1961లో, తమకు చదునైన పొలమే తక్కువని తెలిసిన అక్కడివారు ప్లమ్ పండ్ల జాతికి చెందిన ఉమే చెట్లు, చెస్ట్‌నట్ చెట్లు నాటారు. 1979లో ఓయితా ప్రాంత గవర్నరు హిరమత్సు మొరిహికో ‘ఒక గ్రామం, ఒక ఉత్పత్తి’ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు ఓయామా ఆయనకు ముందున్న ఉదాహరణ. నేలను ఎరిగినవారి నిర్ణయం కాబట్టే అది ఫలించిందని నేననుకుంటాను.

పెద్ద కర్మాగారం వస్తేనే ఉపాధి అని మీవాళ్లలో కొందరు వాదిస్తున్నారట. వస్తే మంచిదే, జీతాలు వస్తాయి. కానీ దానిని మూసివేసే నిర్ణయం మరెక్కడో జరుగుతుంది, నేర్చిన పని ఆ గోడల మధ్యే ఉండిపోతుంది.

కాబట్టి మీ నిధిలో కొంత భాగాన్ని అప్పులకు కాక, నాణ్యత పరీక్షించే చోటుకు, ముడిసరుకు కలిపి కొనడానికి, లెక్కలు రాయడం నేర్పడానికి పక్కన పెట్టండి. ఆ ఖర్చు తిరిగి రాదని మీవాళ్లు అభ్యంతరం చెబుతారు. నువ్వు మాత్రం పట్టు విడవకు. అప్పు కోరేవారి జాబితా సిద్ధమయ్యాక నాకు పంపించు. ఎవరికి ఎంత అప్పు కావాలన్న దానితో పాటు, వారిలో ఎంతమంది ఒకే సరుకు అమ్మదలచుకున్నారో కూడా రాయి. నేను ముందు చూడాలనుకుంటున్నది అదే.

నీ మిత్రుడు