కోర్టు బయట టైపు కొట్టే పెద్దాయనకి

నిన్న సాయంత్రం లోక్ అదాలత్‌లో సంతకం పెట్టి ఇంటికొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు, తెల్లారినప్పటి నుంచి ఒకటే ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు దక్కింది.

తెలియని వాళ్లకి: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర 12 గదుల లాడ్జి లీజుకు తీసుకుని నడిపేదాన్ని. ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన లోను 9 లక్షలు, నా పేరు మీదే. 2020 మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేశారు. ఆఖరి గది తాళం చెవి కౌంటర్ మీద పెట్టి వెళ్లిన కర్నూలు వాళ్లు ఇంకా గుర్తున్నారు. జూన్ 11న మళ్లీ మొదలైనా టికెట్లు కొన్ని వేలే. వచ్చినవాళ్లు కూడా భయంతో అదే రోజు తిరుగుముఖం పట్టేవాళ్లు. ఇక గదులెవరికి కావాలి?

ఈ ఏడాది జూన్‌లో బ్యాంకు నోటీసు వచ్చింది. 60 రోజుల్లో మొత్తం కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని. నేను దాన్ని మడిచి దేవుడి పటం వెనకాల పెట్టాను. 41 రోజులు అక్కడే ఉంది. కరోనా వల్ల ఏడాది పాటు దివాలా కేసులు ఆపేశారని టీవీలో ఎప్పుడో విన్న మాట పట్టుకుని కూర్చున్నా. ఒక కన్సల్టెంటు మాత్రం "ఐపీ, అదే దివాలా పిటిషను, పెట్టేద్దాం మేడమ్, ఎవడూ మీ జోలికి రాడు" అని 25 వేలు తీసుకుని, ఒక కాగితం ఇచ్చి, టైపు చేయించుకు రమ్మన్నాడు.

అలా కోర్టు బయట టైపు కొట్టే ఈ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చెట్టు కింద రేకు టేబులు, పాత టైపు మిషను, కార్బన్ కాగితాలతో నీలంగా మారిన వేళ్లు. పెరుగన్నం తింటున్నాడు. నా కాగితం నాలుగు లైన్లు చదివి డబ్బాకి మూత పెట్టేశాడు.

"బ్యాంకోళ్ల నోటీసు తెచ్చినావా మా? కవరు?"

కవరు ఎవరైనా అడుగుతారా? సంచిలో అడుగున నలిగిపోయి ఉంది. పోస్టాఫీసు ముద్రను వెలుతురుకి పెట్టి చూసి, వేళ్ల మీద లెక్కేశాడు. "ఇంకా 19 దినాలుండాయి. ఐపీ సంగతి వదిలెయ్."

టీవీలో చెప్పింది కంపెనీలకట. 2020 మార్చి 25 నుంచి ఏడాది లోపు పడిన బాకీల మీద వాళ్లను దివాలా కోర్టుకు లాగకూడదని. సొంత పేరు మీద లాడ్జి నడుపుకునే నాకు అది వర్తించదు. పోనీ ఐపీ పెట్టినా, తనఖా ఇంటి మీద బ్యాంకు హక్కు చెక్కు చెదరదు. కానీ నోటీసుకి అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో బ్యాంకు జవాబు ఇచ్చి తీరాలి. చట్టంలోనే ఉందట! ఇంతమందిని అడిగాను, ఒక్కరూ చెప్పలేదు.

నేను చెబుతుంటే ఆయనే రెండు పేజీలు కొట్టాడు. "ఆడోళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, లోపల న్యాయసేవ ఆఫీసుకి పో" అని గది కూడా చూపించాడు. రిజిస్టర్ పోస్టు రసీదు పారేసుకుంటానని ముందే కనిపెట్టినట్టు ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు.

ఎంత అంటే 60 అన్నాడు. వంద ఇచ్చాను. ఉంచుకోమన్నా వినకుండా నాలుగు పది నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. 25 వేలు పోయినప్పుడు రాని ఏడుపు ఆ 40 రూపాయలకి వచ్చింది. నడిరోడ్డు మీద, మాస్కు తడిసిపోయేలా. ఆయన అటు తిరిగి రిబ్బను సర్దుకుంటూ కూర్చున్నాడు.

పేరు రాయొద్దన్నాడు. రాస్తే లాయర్లు తన మీద పడతారట.

ఆ ఉచిత లాయరమ్మ బ్యాంకుతో మాట్లాడి లోక్ అదాలత్‌కి తెచ్చింది. మూడు లక్షలు ఇప్పుడు, మిగతా ఆరు 24 నెలల్లో, నెలకి 25 వేలు. పేరుకున్న వడ్డీ వదిలేశారు. కోర్టు ఫీజు లేదు, దీని మీద అప్పీలు కూడా ఉండదు. మూడు లక్షల్లో మా తమ్ముడిది కొంత, అత్తమ్మ గాజులు కొంత. మా ఆయన సంగతి సరే.

ఒక్క మాట అనకపోతే నాకు అన్నం సయించదు. మారటోరియం అని ఆరు నెలలు ఊరించారు. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు, 47 వేలు పైన పడింది. వడ్డీ మీద వడ్డీ మాఫీ అని చివరికి నా ఖాతాలో వేసింది వెయ్యి రూపాయల చిల్లర. ష్యూరిటీ లేకుండా 20 శాతం అదనపు లోను అన్నారు కదా, దానికి మూడుసార్లు వెళితే మూడుసార్లూ "పైనుంచి ఆర్డర్ రాలేదమ్మా". నోటీసుకి మాత్రం ఆర్డర్ చకచకా వచ్చింది.

అయ్యో, మర్చిపోయాను. జిరాక్స్ షాపు పిల్లాడు, కరెంటు లేకపోతే పక్క వీధికి పరిగెత్తి కాపీలు తెచ్చాడు. పోస్టాఫీసు కౌంటర్లో మేడమ్, టైము దాటినా రిజిస్టర్ తీసుకుంది. ఇంకా ముఖ్యం, దుప్పట్లు ఉతికే లాండ్రీ అన్న. నేనిచ్చిన 38 వేల చెక్కు ఏడాదిగా బ్యాంకులో వేయకుండా పెట్టెలోనే పెట్టుకున్నాడు. వేసుంటే బౌన్సై దాని మీద ఇంకో కేసు. అన్నా, ఆ చెక్కు నేను మర్చిపోలేదు. వచ్చే నెల మొదటి వారంలో రెండు వేలు పట్టుకొస్తా.