కార్ల్ షుర్జ్ అసలు సేవ యుద్ధభూమిలో కాదు

సంపాదకులకు,

అమెరికా వెళ్లి ప్రజాజీవితంలో పైకొచ్చిన జర్మన్ల ప్రస్తావన వస్తే మొదట వినిపించే పేరు కార్ల్ షుర్జ్. 1849లో జర్మన్ విప్లవం విఫలమయ్యాక రాష్టాట్ కోట నుంచి మురుగు కాలువ గుండా తప్పించుకోవడం, మరుసటి ఏడాది స్పాండౌ జైలు నుంచి గురువు కింకెల్‌ను విడిపించుకు రావడం, తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో జనరల్ కావడం. చాలా వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. షుర్జ్ నిజమైన కృషి ఫైళ్ల మధ్య, ప్రభుత్వ కొలువుల భర్తీలో జరిగింది. దాన్ని వదిలేయడం అన్యాయం.

1852లో అమెరికాలో అడుగుపెట్టిన షుర్జ్, 1861 నాటికి లింకన్ తరఫున స్పెయిన్‌లో రాయబారి. 1865 వేసవిలో అధ్యక్షుడు జాన్సన్ పంపగా ఓడిపోయిన దక్షిణ రాష్ట్రాల్లో తిరిగారు. విముక్తి పొందిన నల్లజాతివారిపై హింస ఆగలేదని, వారికి ఓటుహక్కు ఇవ్వాలని నివేదిక రాశారు. అది జాన్సన్‌కు రుచించలేదు. కాంగ్రెస్ అడిగి తెప్పించుకుంటే గానీ వెలుగు చూడలేదు. 1869లో మిస్సోరి నుంచి సెనేట్‌కు వెళ్లారు. జర్మనీలో పుట్టి సెనేటరైన మొదటి వ్యక్తి ఆయనే. అమెరికా గడ్డపై పుట్టలేదు కనుక అధ్యక్ష పదవికి మాత్రం రాజ్యాంగం ఒప్పుకోదు.

అప్పట్లో అధికారంలో ఉన్న పార్టీ మారితే పోస్ట్‌మాస్టర్ నుంచి గుమాస్తా దాకా మారిపోయేవారు. ఉద్యోగం నిలవాలంటే జీతంలో కొంత శాతం పార్టీ నిధికి కట్టాలి. పని నేర్చుకునేలోపే మనిషి మారేవాడు. పైగా సిఫారసు చేసిన నాయకుడికే తప్ప పై అధికారికి జవాబు చెప్పేవాడు కాదు. 1877లో అంతర్గత వ్యవహారాల (ఇంటీరియర్) శాఖ మంత్రి కాగానే షుర్జ్ తన శాఖలో దీన్ని మార్చారు. గుమాస్తా కొలువుకు పోటీ పరీక్ష పెట్టారు, తగిన కారణం లేకుండా ఎవరినీ తీసేయలేదు. పింఛన్లు, పేటెంట్లు, ప్రభుత్వ భూములు, ఇండియన్ (అమెరికా ఆదివాసీ) తెగల వ్యవహారాలు అన్నీ ఆ శాఖ కిందివే. ఇండియన్ బ్యూరోలో అక్రమాలపై విచారణ బోర్డు వేశారు, 1880లో దాని కమిషనర్‌నే ఇంటికి పంపారు. ప్రభుత్వ అడవుల్లో కలప దొంగలపైనా కేసులు పెట్టించారు. కాంగ్రెస్ నుంచి పెద్దగా మద్దతు రాలేదు. అడవులను రిజర్వు చేసే చట్టం 1891లో గానీ రాలేదు.

అయితే మంత్రి పెట్టిన నియమాన్ని తర్వాతి మంత్రి తీసేయవచ్చు. అందుకే చట్టం కావాలని షుర్జ్ 1869లోనే సెనేట్‌లో బిల్లు పెట్టారు, అప్పుడు నెగ్గలేదు. 1881లో కొలువు దక్కలేదన్న కక్షతో ఒకడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాక గాని కాంగ్రెస్ కదలలేదు. 1883 జనవరిలో, పోటీ పరీక్షలతో కొలువులు భర్తీ చేయాలన్న పెండిల్టన్ చట్టం వచ్చింది. ముగ్గురు సభ్యుల కమిషన్, అందులో ఒకే పార్టీవారు ఇద్దరికి మించకూడదు. పార్టీ చందా కట్టలేదని ఎవరినీ తీసేయకూడదు. మొదట్లో ఇది దాదాపు పదో వంతు కొలువులకే వర్తించింది. పరిధిని పెంచే అధికారం మాత్రం అధ్యక్షుడికి ఇచ్చారు. పదవి దిగిపోయేవారు తాము పెట్టిన మనుషులను కాపాడుకోవడానికి ఆ అధికారం వాడారు, అలా స్వార్థంతోనే చట్టం విస్తరించింది. 1892 నుంచి జాతీయ సివిల్ సర్వీస్ సంస్కరణ లీగ్ అధ్యక్షుడిగా షుర్జ్ దాన్ని కంటికి రెప్పలా కాచారు.

ఆయన్ను మెచ్చుకునేవారు పోంకాలనే ఇండియన్ తెగ సంగతి కూడా రాయాలి. 1868 ఒప్పందంలో ఆ తెగ భూమిని పొరపాటున సూ అనే మరో తెగకు రాసిచ్చారు. షుర్జ్ మంత్రిగా ఉన్న 1877లోనే పోంకాలను బలవంతంగా ఇండియన్ టెరిటరీకి (నేటి ఓక్లహోమా ప్రాంతానికి) తరలించారు. అక్కడ జబ్బులతో ఎందరో చనిపోయారు. కొడుకు ఎముకలతో స్వస్థలానికి బయలుదేరిన పోంకా నాయకుడు స్టాండింగ్ బేర్‌ను సైన్యం పట్టుకుంది. 1879లో ఒమాహాలో జడ్జి డండీ, చట్టం దృష్టిలో ఇండియన్ కూడా ‘వ్యక్తి’ అని తీర్పిచ్చి విడుదల చేశారు. తెగకు అన్యాయం జరిగిందని షుర్జ్ ఒప్పుకున్నారు. కానీ అందరినీ వెనక్కి పంపితే ఖాళీ అయిన భూమిపైకి తెల్లవారు ఎగబడతారని వాదించి, తిరిగి వెళ్లాలన్న వారి కోరికను అడ్డుకున్నారు. చివరికి 1881 మార్చిలో కాంగ్రెస్ పోంకాలకు 1,65,000 డాలర్లు మంజూరు చేసింది.

– ఒక చరిత్ర పాఠకుడు